పుట్టినరోజు ఫ్లెక్సీ మీద మా నాయన

మా నాయన పోయిన మర్నాడు పొద్దున, ఆయన ఇంకా ఇంట్లో పెట్టెలో పడుకుని ఉండగానే, ఉదయగిరి బస్టాండు ఎదురుగా ఇంత ఎత్తు ఫ్లెక్సీ మీద నవ్వుతూ నిలబడ్డాడు. అటొక సింహం, ఇటొక సింహం. తల వెనక బంగారు రంగు చక్రం. పాదాల దగ్గర వరసగా ఊళ్ళో పెద్దమనుషుల చిన్న చిన్న తలకాయలు. కింద ఎర్రటి అక్షరాలతో 'ప్రజల మనిషి, మా ప్రియతమ నాయకులు రాజమోహన్ గారికి జన్మదిన శుభాకాంక్షలు' అని ఉంది.

మా నాయన మస్తానయ్య బతికుండగా ఆయనకు ఎవరూ పుట్టినరోజు చేయలేదు. ఏ రోజు పుట్టాడో ఆయన్ను కన్న మా అవ్వకే గుర్తుండేది కాదు.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే మా అన్న జయపాల్ చేసే పని చెప్పాలి. కంప్యూటర్ అంటే పడనివాళ్ళు భయపడనక్కర్లేదు. నేను కలిగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. వాళ్ళకు ఎక్కించగలిగితే ఎవరికైనా ఎక్కించవచ్చు.

అన్న ఇంజనీరింగ్ చదివి, ఆత్మకూరు డిపో దగ్గర రమణయ్య గారి ఫ్లెక్సీ షాపులో చేరాడు. అక్కడ తెలుగు అక్షరాలతో రోజూ గొడవే. వత్తులు విరిగిపోయేవి, దీర్ఘాలు ఎగిరిపోయేవి. ఒకసారి 'శుభాకాంక్షలు'లో వత్తు ఊడిపోయి గిరాకీ కొట్టడానికి వచ్చినంత పని చేశాడు. విసుగొచ్చి అన్న సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. ఎడిటర్‌లో, అంటే అక్షరాలు టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్‌లో, ఫ్లెక్సీ మీద రావాల్సిన రాత టైపు చేసి ఒక ఆజ్ఞ ఇస్తే చాలు. ప్రోగ్రాం ఆ రాతనూ మనిషి ఫోటోనూ కలిపి ఫ్లెక్సీ తయారు చేసి ఇస్తుంది. ఒక్కో గిరాకీకి ఒక్కో ఫోల్డర్. అందులో రాత ఒకటి, ఫోటో ఒకటి. ఫోటో ఎవరిదైనా దాని పేరు మాత్రం 'ఫోటో' అనే పెడతాడు, వెతుక్కునే బాధ లేకుండా.

కిటుకంతా ఇక్కడే ఉంది. రాత ఏ ఫైలులోంచి తీసుకోవాలో మనం పేరుతో చెబుతాం. ఫోటోను మాత్రం ఎడిటర్ ఆ క్షణాన ఏ ఫోల్డర్‌లో కూర్చుని ఉంటే అందులోంచే ప్రోగ్రాం తీసుకుంటుంది. పొద్దున ఏ ఫోల్డర్‌లో తెరిస్తే ఎడిటర్ సాయంత్రం దాకా అక్కడే కూర్చునేది. గిరాకీ మారినప్పుడల్లా అన్న దాన్ని చేత్తో లేపి ఇంకో ఫోల్డర్‌లోకి మార్చాలి. ఒకరోజు మరిచిపోయాడు. ఓణీల ఫంక్షన్ అమ్మాయి ఉండాల్సిన చోట షష్టిపూర్తి తాత వచ్చి కూర్చున్నాడు. ప్రింటు కాకముందే చూసుకున్నారు కాబట్టి షాపంతా నవ్వుకున్నారు.

ఆ వారమే అన్న ఎడిటర్ సెట్టింగుల్లో ఒక లైను చేర్చాడు. ఇంటికొచ్చి నాకు గొప్పగా చెప్పాడు.

"ఇప్పుడు ఏ ఫైలు తెరిస్తే ఆ ఫైలుండే ఇంట్లోకి అదే పోయి కూచుంటాది రూబీ. మనం చెప్పే పన్లేదు."

"మనూళ్ళో అట్టా ఎవురింట్లోకి పడితే వాళ్ళింట్లోకి పోయి కూచుంటే ఊరుకుంటారాన్నా?" అన్నాను.

అన్న నవ్వాడు. మంచం మీద పడుకున్న నాయన కూడా నవ్వాడు. రాజమోహన్ గారి నిమ్మతోటకు ఊహ తెలిసినప్పటి నుంచీ నీళ్ళు కట్టిన మనిషి ఆయన. ఆ ఇంట్లో పశువుల కొట్టం దాటి లోపలికి పోయి ఎరగడు. అదేం పెద్ద బాధగా కూడా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. బాధ నాదే.

నాయన ఎండాకాలంలో పోయాడు. తెల్లారేసరికి ఛాతీలో నొప్పి అన్నాడు. ఆటో ఉదయగిరి ఆస్పత్రి చేరేలోపే అమ్మ ఒళ్ళో తల వాల్చేశాడు. మా అమ్మ రెబెకమ్మ ఏడవలేదు, ఆటో అబ్బాయిని నెమ్మదిగా వెనక్కి తిప్పమంది. నేను అన్నకు ఫోన్ చేశాను. వాడు అప్పుడే షాపు తలుపులు తీస్తున్నాడు.

రమణయ్య గారు చెడ్డవాడు కాదు. ఈ కథలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, నా కడుపుమంటే అది. ఆయన అన్న భుజం మీద చెయ్యి వేసి, "పో నాయనా, వెంటనే పో. రాజమోహన్ గారిది మాత్రం ప్రింటుకు వదిలేసి పో. రేపు పొద్దున్నే కట్టాల, అది నీకు తప్ప ఇంకెవురికీ రాదు. మీ నాయనది కూడా ఒకటి చేసుకోని తీసకపో, అది నా తరఫున" అన్నాడట.

అన్న నాయన పేరుతో కొత్త ఫోల్డర్ తెరిచాడు. ఫోనులోంచి కిందటి క్రిస్మస్ ఫోటో అందులో వేశాడు. తెల్ల చొక్కా, గొంతు దాకా బొత్తాలు, నూనె పెట్టి దువ్విన తల, ముందు పన్ను లేని నవ్వు. ఎడిటర్‌లో రాత మొదలుపెట్టాడు. 'శ్రీ మస్తానయ్య గారు ప్రభువు నందు' అని టైపు చేశాక చెయ్యి ఆగిపోయింది. మా వాళ్ళు పోయారని రాయరు, ప్రభువు నందు నిద్రించారని రాస్తారు. పరాయివాళ్ళకు ఎన్నోసార్లు రాసిన ఆ మాట సొంత నాయనకు రాయబుద్ధి కాలేదు.

అంతలో బయటినుంచి రమణయ్య గారు, "జయపాలూ, ముందు ఆయనది వదులు, మిషను ఖాళీగా ఉండాది" అని కేకేశాడు.

రాజమోహన్ గారి రాత ముందురోజే సిద్ధంగా ఉంది. సింహాలూ, అనుచరుల తలకాయలూ ఆయన ఫ్లెక్సీలకు మారేవి కావు, ప్రతిసారీ మారేది మధ్యలో పెద్ద ఫోటో ఒక్కటే. అన్న ఆ రాత ఫైలు పేరు కొట్టి ఆజ్ఞ ఇచ్చాడు. ఎదురుగా తెరిచి ఉన్నది మాత్రం నాయన ఫైలు. నేర్పినట్టే ఎడిటర్ బుద్ధిగా నాయన ఫోల్డర్‌లోకి పోయి కూర్చుని ఉంది. ప్రోగ్రాం అక్కడున్న ఫోటో తీసుకుంది.

తెర మీద కనబడలేదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను.

"కనబడింది రూబీ" అన్నాడు అన్న. "నాయన మొఖం చక్కగా కనబడింది. తప్పు అనిపించలా. నువ్వు ఫోన్ చేసినకాణ్ణుంచి యాడ చూసినా ఆ మొఖమే కనబడతా ఉన్నింది నాకు. గోడ మీద కూడా. ఇదీ అంతేననుకున్నా."



అన్న నాయనది సగంలోనే వదిలేసి ఇంటికి వచ్చేశాడు. ప్రింటయింది, ఎవరూ సరిచూడకుండానే చుట్టారు, వ్యానులో పడేశారు. కట్టేవాళ్ళు ఆత్మకూరు మనుషులు, ఊరూరా తిరిగి కడుతుంటారు. వాళ్ళకు తాళ్ళు గట్టిగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం, మొఖాలతో పనిలేదు. మర్నాడు వెలుతురు రాగానే బస్టాండు ఎదురుగా కట్టేసి, టీ తాగి వెళ్ళిపోయారు.

మా పాలెంలో ఫోన్లు మోగడం మొదలైంది. ఎవరో ఫోటో పంపారు. మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషమే కలిగింది, ఉన్నమాట చెబుతున్నాను. నాయన ఎంత బాగున్నాడు! పన్ను లేని ఆ నవ్వుతో, జీవితమంతా తలవంచుకుని దండం పెట్టిన పెద్దమనుషులను కాళ్ళ దగ్గర వరసగా పెట్టుకుని, వెనక బంగారు చక్రంతో ఉన్నాడు. ఆ తర్వాత కింద రాసిన పేరు చదివాను. ఫోను అన్న చేతిలో పెట్టాను.

అన్న ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి కింద పేరు దాకా చూశాడు. రమణయ్య గారికి ఫోన్ చేస్తే వ్యాను సంగం వైపు పోయిందన్నాడు. అన్న బండి తీసుకుని బస్టాండుకు పరుగెత్తేసరికి అక్కడ ఉత్త కర్రలున్నాయి. రాజమోహన్ మనుషులు అప్పటికే దించేశారు. ఎవరూ వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. "తోట కాడికి రమ్మన్నాడు పెద్దాయన" అని మాత్రం చెప్పారు.

తోట అనగానే మాకు అర్థమయింది. మా సమాధుల దొడ్డి కొండ కింద ఉంది. దానికి దారి రాజమోహన్ నిమ్మతోట గట్టు మీద నుంచే. ఇంకో వైపు వంక, దాని పైన నిట్టనిలువు బండలు, పెట్టె మోసుకుని ఎక్కే చోటు కాదు. అవ్వ అక్కడే ఉంది, తాత అక్కడే ఉన్నాడు. ఆ గట్టు మాదని ఏ కాగితంలోనూ లేదు. గేటు ఎప్పుడూ తెరిచే ఉండేది కాబట్టి ఎవరూ అడగలేదు.

ఎండ ముదరకముందే పెట్టె ఎత్తారు. మామూలుగా పాటలు పాడుకుంటూ పోతారు, ఆ రోజు గొంతులు లేవలేదు. గేటుకు కొత్త గొలుసు వేలాడుతోంది. లోపల నీడలో కుర్చీ వేసుకుని రాజమోహన్ కూర్చున్నాడు. పుట్టినరోజు కొత్త బట్టలు, నుదుటిన కుంకుమ. పక్కన ఆయన తల్లి సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. ఆమె కళ్ళు ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి. గేటు ముందు మా వైపు నేల మీద ఫ్లెక్సీ మడతలుగా పడి ఉంది. పై మడతలో నాయన కన్నొకటీ, సగం నవ్వూ కనిపిస్తున్నాయి.

పెట్టె మోస్తున్నవాళ్ళు ఆగారు. అన్న ముందుకు పోయి గేటు ఊచలు పట్టుకున్నాడు.

"అయ్యా, కావాలని చేసింది కాదయ్యా. కంప్యూటర్లో నాయన ఫైలు తెరిచుండాది. ఏది తెరిస్తే ఆ ఫోల్డర్‌లోకి అదే మారిపోయేటట్టు పెట్టినా. అది మారింది నేను చూసుకోలా."

"అదే మారిందా?" అన్నాడు రాజమోహన్.

"అవునయ్యా. దానంతట అదే."

"నేను కూచునే తావులోకి మీ నాయన దానంతట అదే వచ్చి కూచున్నాడంటావ్."

అన్న ఇంకా చెప్పబోయాడు. ఫోల్డర్ అన్నాడు, సెట్టింగు అన్నాడు. నేను ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పగలిగింది వాడు ఆ గేటు దగ్గర చెప్పలేకపోయాడు. వాడు చెప్పే కొద్దీ అబద్ధంలాగే వినబడింది. నిజం తెలిసిన నాకే అలా వినబడింది, ఇక వాళ్ళను ఏమనుకోను?

"ఫోన్లన్నిట్లో తిరగతా ఉండాది జయపాలూ" అన్నాడు రాజమోహన్. గొంతు పెంచలేదు. "ఎదుటి పార్టీవోళ్ళు నవ్వతా ఉండారు. పోనీలే, నవ్వుకోనీ. మా అమ్మను జూడు. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు తాగలా."

అప్పుడు సుబ్బరత్నమ్మ మాట్లాడింది. పెట్టె వైపు చూస్తూ మాట్లాడింది.

"మస్తానయ్య మంచోడు. నేను కాదన్లా. నా చేత్తో అన్నం పెట్టినా వాడికి. కానీ నా బిడ్డ పుట్టినరోజు, నా బిడ్డ పేరు మీద, చచ్చినోడి మొఖం పెట్టినారే! అంతకంటే కీడుంటాదా అమ్మా? నాకు ఒకే కొడుకు. దాన్ని కాల్చాల. పెట్టినోడి చేత్తోనే కాల్చాల. అప్పుడు గానీ ఆ కీడు పోదు. కాల్చినంక గేటు తీస్తాం."

పాస్టరుగారు ముందుకొచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, మా ఆచారంలో మేం కాల్చం. పూడుస్తాం."

"శవాన్ని కాల్చమన్లా అయ్యా. బొమ్మను కాల్చమంటి."

నాకు నోరు ఆగదు. చిన్నప్పటి నుంచీ అంతే. "బొమ్మను కాలిస్తే చావు తప్పేటట్టయితే మీ అబ్బాయి బొమ్మలు ఊరంతా ఉండాయి గదమ్మా, అవి కాల్చుకోండి" అన్నాను.

రాజమోహన్ కుర్చీలోంచి లేచాడు. "యాడ పూడ్చుకుంటారో పూడ్చుకోండి. ఈ గేటు తియ్యను" అని వెనక్కి తిరిగాడు.

నేను పోలీసులకు ఫోన్ చేస్తానని ఫోను తీశాను. పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని, వాళ్ళు వచ్చి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడి, పైవాళ్ళను అడిగేసరికి పొద్దుగూకుతుందని మెల్లగా చెప్పాడు. నిన్న తెల్లారినప్పుడు ప్రాణం పోయిన మనిషి నాయన. ఎండ నెత్తిమీదికి వస్తోంది. పెట్టె దగ్గర నిలబడ్డవాళ్ళు అప్పటికే ముక్కులకు తువాళ్ళు అడ్డం పెట్టుకుని, మేము చూడగానే తీసేస్తున్నారు.

అది చూసింది అమ్మ. మా అందరినీ తప్పించుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"నోరు మూసుకో రూబీ" అంది. తర్వాత సుబ్బరత్నమ్మతో, "కాలిస్తే తీస్తారు గదమ్మా? మళ్ళా ఇంకోటి చెప్పరు గదా?" అంది.

"తీస్తాం రెబెకా. ఒట్టు."

"జయపాలూ, అగ్గిపెట్టె తీసుకో."

"అమ్మా, నాయన..."

"నాయన పెట్టెలో ఉండాడు. ఆయన వాసన రాకముందే మట్టిలో పెట్టాల. తీసుకో."

అన్న వంగాడు. ఫ్లెక్సీని దారి పక్కకు లాగి, సింహం ఉన్న అంచుకు పుల్ల గీసి పెట్టాడు. అది కాగితంలా అంటుకోదు. ముడుచుకుంది, పొగ లేచింది, ఆరిపోయింది. ఇంకో పుల్ల గీశాడు. మళ్ళీ ఆరిపోయింది.

"మొఖం" అంది సుబ్బరత్నమ్మ గేటు అవతలినుంచి. "మొఖం కాడ అంటించు నాయనా. మొఖం కాలాల."

ఆమె అరవలేదు. ఏడుస్తూ, బతిమాలుతున్నట్టే అంది. ఆమె గట్టిగా అరిచి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

అన్న మడత విప్పాడు. నాయన మొఖం మొత్తం బయటికొచ్చింది. గడ్డం దగ్గర పట్టుకుని పైకెత్తి, కింద పుల్ల పెట్టాడు. ఈసారి అంటుకుంది. నవ్వు ముందు పోయింది. తర్వాత ముక్కు, తర్వాత ఒక కన్ను. కరిగిన ప్లాస్టిక్కు నల్లగా బొట్లు బొట్లుగా అన్న వేళ్ళ మీదా అరచేతిలోనూ పడింది. వదిలిపెడితే ఆరిపోతుందని వాడు వదల్లేదు. నేను లాక్కోబోతే మోచేత్తో తోసేశాడు. నూనె పెట్టి దువ్విన తల కూడా కాలిపోయేదాకా అలాగే పట్టుకున్నాడు.

మిగతాది మేము చూడలేదు. సింహాలు చాలాసేపు కాలాయని చెప్పారు.

రాజమోహనే వచ్చి గొలుసు తీశాడు. పెట్టె ఆయన ముందు నుంచి పోతున్నప్పుడు చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించాడు. "మంచోడు" అన్నాడు. నిజంగానే అన్నాడు, నటించలేదు. ఆ దండం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. గొలుసు వేసినందుకైనా ఏనాటికో క్షమిస్తానేమో, ఆ దండానికి మాత్రం క్షమించను.

గుంట దగ్గర ప్రార్థన అయ్యాక పెట్టె దించారు. ఇంటివాళ్ళు ముందు పిడికెడు మన్ను వెయ్యాలి. అమ్మ వేసింది. నేను వేశాను. అన్న మన్ను తీసుకుని చెయ్యి చాచి పిడికిలి విప్పాడు. మన్ను పడలేదు. అరచేతిలో కరిగి అతుక్కున్న ప్లాస్టిక్కుకు అంటుకుపోయింది. ఒకసారి విదిలించాడు, రెండుసార్లు విదిలించాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని, తన కొంగుతో మన్నును గుంటలోకి తుడిచింది. చర్మం కూడా కొంత వచ్చింది.

సాయంత్రం మా స్కూలు హెడ్మిస్ట్రెస్ రేణుకాదేవి మేడమ్ పరామర్శకు ఫోన్ చేశారు. మంచావిడ. సెలవు ఎన్నాళ్ళు కావాలన్నా తీసుకోమన్నారు. అమ్మ ఏమైనా తిన్నదా అని అడిగారు. తర్వాత ఇంకేం అడగాలో తోచక కాబోలు, "మీలో పూడుస్తారా రూబీ, కాలుస్తారా?" అన్నారు.

"మా నాయనకు రెండూ చేసినాం మేడమ్" అన్నాను. "ముందు కాల్చినాం. ఆ తర్వాత పూడ్చినాం."